బడి మానిన పిల్లల కోసం, కేసుల్లో చిక్కిన పిల్లల కోసం నిధులు సాధించడం ఎలా?

వరంగల్ చుట్టుపక్కల ఏ గ్రామసభలోనైనా, ఏ వార్డు సమావేశంలోనైనా సీసీ రోడ్డుకో మురుగు కాలువకో నిధులు అడిగితే అభ్యంతరం చెప్పేవారు ఉండరు. బడి మానేసి తిరుగుతున్న పిల్లల కోసమో, సెల్‌ఫోన్ దొంగతనంలో పట్టుబడి పిల్లల కేసులు విచారించే బాల న్యాయ మండలి ముందుకు వెళ్లివచ్చిన పిల్లల కోసమో నిధులు అడిగితే మాత్రం సభ రెండుగా చీలిపోతుంది. ఒకరు శిక్ష గురించి, మరొకరు జాలి గురించి మాట్లాడతారు. డబ్బు ఎంత కావాలి, అది ఎవరి దగ్గర ఉంది, దేనికి ఖర్చు పెట్టాలి అన్న ప్రశ్నలు ఎవరూ ఎత్తకుండానే పొద్దు గూకుతుంది. ఆ ప్రశ్నలను సభ ముందు పెట్టి, తీర్మానం చేయించి, నిధులు రాబట్టాలనుకునే మహిళా సంఘాలకు, యువజన సంఘాలకు, ఉపాధ్యాయులకు, వార్డు పెద్దలకు ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నా అభిప్రాయంలో మనం అన్నిటికన్నా ముందు అడగవలసినది ఒక మనిషి జీతం. పిల్లవాడు వరుసగా మూడు రోజులు బడికి రాకపోతే నాలుగో రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, కారణం కనుక్కుని, వారం తర్వాత మళ్లీ వెళ్లే మనిషి కావాలి. గదులకు, కంప్యూటర్లకు, అవగాహన సదస్సులకు డబ్బు ఏదో ఒక దారిలో దొరుకుతూనే ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగే మనిషికి మాత్రం ఎవరి పద్దులోనూ చోటు దొరకదు. స్థానిక పనులకు ఎంపీలు సిఫారసు చేసే ఎంపీ ల్యాడ్స్ నిధులు శాశ్వత ఆస్తుల నిర్మాణానికే తప్ప జీతాలకు వాడరాదు. అందుకే మన ఊళ్లలో తాళం వేసిన కమ్యూనిటీ హాళ్లు కనిపిస్తాయి గాని, ఆ పిల్లల పేర్లు తెలిసిన మనిషి కనిపించడు.

సభకు ముందు హాజరు పట్టీ చదవండి

సభలో మాట్లాడే ముందు బడి హాజరు లెక్కలు చేతిలో ఉండాలి. విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. ఇప్పుడు మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఉన్నాయి. ఈ కమిటీల సభ్యుల ద్వారా ప్రధానోపాధ్యాయులను కలిసి, గత విద్యా సంవత్సరపు హాజరును తరగతి వారీగా, నెల వారీగా, పేర్లు లేకుండా అడగండి.

ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఉన్న పేజీలను తీరికగా చూస్తే గైర్హాజరుకు ఒక క్రమం ఉందని అర్థమవుతుంది. పత్తి ఏరే అక్టోబరు, నవంబరు నెలల్లో మొదటి ఖాళీలు కనిపిస్తాయి. జనవరి తర్వాత మిర్చి కోతలు మొదలై ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు రావడం పెరిగే కొద్దీ రెండో విడత ఖాళీలు వస్తాయి. తల్లి మిర్చి ఏరడానికి వెళితే చంటిబిడ్డను చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయిన ఆడపిల్ల పేరు ఎదుట వారాల తరబడి గైర్హాజరు గుర్తే ఉంటుంది. మగపిల్లల వరుస వేరే తీరుగా ఉంటుంది. మొదట సోమవారాలు, తర్వాత మధ్యాహ్న భోజనం తర్వాతి గంటలు, ఆ తర్వాత రెండేసి రోజులు పోతూ పోతూ చివరికి పేజీ మొత్తం ఖాళీ అవుతుంది. మెకానిక్ షెడ్డులో పనికి కుదిరిన పిల్లవాడిదీ, స్టేషన్ దగ్గర గుంపుతో తిరగడం మొదలుపెట్టిన పిల్లవాడిదీ మొదటి నెల పేజీ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. బడి మానడాన్నీ నేరాన్నీ రెండు వేర్వేరు పద్దులుగా చూడకుండా ఒకే దరఖాస్తులో అడగాలని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఈ లెక్కను ఒక్క కాగితానికి కుదించండి: ఏ తరగతిలో, ఏ నెలలో, ఎంతమంది పది రోజులకు మించి రాలేదు. సభకు ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు.

ఏ డబ్బు ఎక్కడ ఉంది

కొత్త నిధులు అడిగే ముందు ఉన్న నిధుల సంగతి తెలుసుకోవాలి. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించే బాలల పరిరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ప్రతి జిల్లాకు ఒక బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. అందులో జిల్లా బాలల పరిరక్షణ అధికారి, ప్రొబేషన్ అధికారి, కౌన్సెలర్, సోషల్ వర్కర్లు, ఔట్‌రీచ్ వర్కర్లు ఉండాలి. మీ జిల్లాలో ఆ పోస్టుల్లో ఎన్ని మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో, గత ఏడాది ఎంతమంది పిల్లలకు స్పాన్సర్‌షిప్ అందిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా కార్యాలయానికి దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. నిధులు లేవని చెప్పే చోట నిజానికి మనుషులు లేరని తేలితే మీ తీర్మానం రాసే తీరే మారిపోతుంది.

స్పాన్సర్‌షిప్ గురించి మన ఊళ్లలో చాలామందికి తెలియదు. తండ్రి లేని పిల్లలు, తాత, అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న అనాథలు, తల్లిదండ్రులు తీవ్ర వ్యాధితో మంచాన పడిన పిల్లలు, బాల కార్మికులుగా దొరికిన పిల్లలు వంటివారికి నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలు అందులో ఉంది. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలకు, పట్టణాల్లో 96,000 రూపాయలకు మించకూడదు. మిర్చి కోతల కాలంలో ఆగిపోయే ఆడపిల్లను తిరిగి బడికి పంపగలిగే డబ్బు కొన్ని ఇళ్లలో ఇదే అవుతుంది. దరఖాస్తు నింపి, ధ్రువపత్రాలు జతచేసి, కార్యాలయం చుట్టూ తిరిగే ఓపిక రోజు కూలీకి వెళ్లే తల్లికి ఉండదు. ఆ పని చేయడానికి కూడా మనం అడుగుతున్న ఆ మనిషే కావాలి.

గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థలోని 66 డివిజన్లు హనుమకొండ, వరంగల్ జిల్లాల్లో పరచుకుని ఉన్నాయి. పోలీసు కమిషనరేట్ ఒక్కటే అయినా కలెక్టర్లు ఇద్దరు, బాలల పరిరక్షణ విభాగాలు రెండు. మీ డివిజన్ ఏ జిల్లాలో ఉందో చూసుకోకుండా ఇచ్చిన వినతిపత్రం రెండు కార్యాలయాల మధ్య నెలల తరబడి తిరుగుతుంది.

గ్రామాల్లో ఆర్థిక సంఘం గ్రాంట్లలో నిర్దిష్ట పనులకు కట్టిపడేయని భాగం నుంచి, జీతాలకు తప్ప మిగతా ఖర్చులకు అడగవచ్చు. ఏటా అక్టోబరు 2 నుంచి మొదలయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీలో బాలల హిత గ్రామం అన్నది తొమ్మిది ఇతివృత్తాల్లో ఒకటి కాబట్టి, మన కోరికకు ఆ శీర్షిక కింద చోటు ఉంది. భూపాలపల్లి, పెద్దపల్లి, మంచిర్యాల వంటి బొగ్గు జిల్లాల్లో గనుల ప్రభావిత గ్రామాలకు జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు ఉంది. విద్య, మహిళా శిశు సంక్షేమం ఆ నిధుల ప్రాధాన్య రంగాల్లోనే ఉన్నాయి. నగరంలో పరిస్థితి కొంచెం కష్టం. 2019 మున్సిపల్ చట్టం పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం కేటాయించాలని చెప్పింది. పిల్లల పద్దు మాత్రం అడిగితేనే తెరుచుకుంటుంది. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కనుక డిసెంబరు దాటకుండా అడగాలి.

సభలో ఎదురయ్యే మాటలు

మొదట ఒక హెచ్చరిక. సభలో ఏ పిల్లవాడి పేరూ, తల్లిదండ్రుల పేర్లూ, గల్లీ గుర్తూ, బడి పేరూ బయటకు రాకూడదు. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు తెలిసేలా ప్రచురించడాన్ని 2015 బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సభ వీడియో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లే రోజులివి. ఎవరైనా "ఫలానా వాళ్ల కొడుకు" అని మొదలుపెట్టగానే అధ్యక్షులు ఆపేలా ముందే మాట్లాడి పెట్టుకోండి.

"తప్పు చేసినోనికి పైసలు పెడితిమి, బుద్ధిగా సదువుకునేటోనికి బెంచీలు కూడా లేకపాయె, ఇదేం న్యాయం?" అన్నది తప్పకుండా వచ్చే ప్రశ్న, గౌరవించవలసిన ప్రశ్న కూడా. ఆ మాట అన్న తల్లి తన బిడ్డ గురించి అడుగుతున్నది. ఆమెకు ఉపన్యాసం ఇవ్వకుండా కార్యక్రమాన్నే ఆమె బిడ్డకు కూడా పనికొచ్చేలా రూపొందించండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు బడి గదిలోనే చదువు కేంద్రం నడపండి, ఊరి పిల్లలందరికీ తలుపు తెరవండి, కేసు ఉన్న పిల్లవాడు వాళ్లలో ఒకడిగా కూర్చుంటాడు. అతని కోసం వేరే గది, వేరే పేరు, వేరే బోర్డు పెట్టిన రోజున అతను రావడం మానేస్తాడు.

"అది పోలీసోళ్ల పని" అనేవారికి చట్టం ఏం చెబుతుందో నెమ్మదిగా వివరించండి. పద్దెనిమిదేళ్లు నిండని వారిని లాకప్‌లో ఉంచరాదు. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో బాల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. మండలిలో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. పెద్దలతో కలిసి చేసిన నేరమో, హేయమైన నేరమో అయితే తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కూడా నమోదు చేయరు, స్టేషన్ డైరీలో రాసి, సామాజిక నేపథ్య నివేదిక జతచేస్తారు. చిన్న నేరాల్లో మండలి మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు ఆదేశించవచ్చు, సామాజిక సేవ చేయమనవచ్చు, ప్రొబేషన్‌పై తల్లిదండ్రులకు అప్పగించవచ్చు. అంటే ఎక్కువ సందర్భాల్లో పిల్లవాడు మన గల్లీకే తిరిగి వస్తాడు. కౌన్సెలింగ్ చేయమని ఆదేశం ఉన్నా చేసేవారు దగ్గరలో లేకపోతే ఆ ఆదేశం కాగితం మీదే మిగిలిపోతుంది. సభ తేల్చవలసిన విషయం అంతవరకే.

తల్లిదండ్రులను నిందించే మాటలకు జవాబుగా హాజరు పట్టీలోని పత్తి, మిర్చి నెలలు చూపిస్తే చాలు.

ఇంకొక అభ్యంతరం ఉంటుంది, దానిని అన్నిటికన్నా జాగ్రత్తగా వినండి. గతంలో ఇలాంటి పేరుతో డబ్బు వచ్చింది, ఒక ఫ్లెక్సీ కట్టారు, ఫొటోలు దిగారు, పిల్లలకు పెన్నులు పంచారు, అంతటితో అయిపోయిందని ఎవరో ఒకరు లేచి చెబుతారు. వారు చెప్పేది చాలాచోట్ల నిజం. దానికి జవాబు మాటల్లో ఇవ్వలేము. ఖర్చును, హాజరును మూడు నెలలకోసారి అదే సభ ముందు చదివి వినిపిస్తామన్న షరతును తీర్మానంలోనే రాయించండి, ఆ అభ్యంతరం చెప్పిన వ్యక్తినే పర్యవేక్షణ కమిటీలో వేయండి.

ఇలాంటి పని ఎక్కడైనా ఫలించిందా అని అడిగితే దూరం వెళ్లనక్కర్లేదు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లోనే స్థానిక యువతతో ఇల్లిల్లూ తిరిగించి, పనిలో ఉన్న పిల్లలను బడి చదువుకు సిద్ధం చేసే వంతెన శిబిరాల ద్వారా బడి తరగతులకు చేర్చింది. ఆ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

తీర్మానం, అంచనా

తీర్మానం సగం పేజీ మించకూడదు. మొదటి వాక్యంలో హాజరు లెక్క, రెండో వాక్యంలో కోరుతున్న పని, మూడో వాక్యంలో మొత్తం, ఏ పద్దు నుంచి అన్నది ఉండాలి. "యువత సంక్షేమానికి తగు చర్యలు" వంటి మాటలు రాస్తే ఏ అధికారీ దానిమీద సంతకం పెట్టలేడు, ఏ ఆడిటరూ దానిని ఒప్పుకోడు. పంచాయతీ కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో రాశాక హాజరైనవారి సంతకాలు పడ్డాయో లేదో చూసుకుని, నకలు తీసుకోండి.

అంచనాలో బడి నడిచే పది నెలలకు ఇంటింటికీ తిరిగే కార్యకర్త గౌరవ వేతనం, వారానికి రెండు రోజులు వచ్చే కౌన్సెలర్ ప్రయాణ భత్యం, సాయంత్రపు కేంద్రానికి ఒక ట్యూటర్, పిల్లలకు అల్పాహారం, కరెంటు బిల్లు ఉంటే చాలు. అల్పాహారాన్ని కొట్టివేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సాయంత్రం ఆరింటికి ఆకలితో ఉన్న పిల్లవాడు చదువు దగ్గర కూర్చోడు. పద్నాలుగేళ్లు నిండి, తిరిగి తరగతిలో కూర్చోవడానికి సిగ్గుపడే పిల్లలకు తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి పరీక్ష రాసే దారి ఉంది, వారి పరీక్ష రుసుమును కూడా అంచనాలో చేర్చండి.

ఫలితాన్ని ఎలా కొలుస్తారో కూడా అదే కాగితంలో రాయండి. తిరిగి బడిలో చేరిన పిల్లలు 30 రోజులకు, 60 రోజులకు, 90 రోజులకు ఎంతమంది నిలిచారన్నది ఒక్కటే నమ్మదగిన లెక్క. జరిపిన సదస్సుల సంఖ్యను ఫలితంగా చూపించడానికి ఒప్పుకోవద్దు.

మంజూరైన తర్వాత, కాకపోయినా

సమీక్షలను సెప్టెంబరులో ఒకటి, డిసెంబరు చివర ఒకటి పెట్టుకోండి, అంటే పత్తి ఏరడానికి, మిర్చి కోతలకు ముందు. ఏ ఇళ్లలో గత ఏడాది పిల్లలు ఆగిపోయారో ఆ ఇళ్లకు కార్యకర్త ముందుగానే వెళ్లాలి. స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారితో పరిచయం పెట్టుకోండి. ప్రతి స్టేషన్‌లో ఏఎస్ఐ స్థాయికి తగ్గని ఒక అధికారి ఆ బాధ్యతలో ఉండాలని చట్టం చెబుతోంది. తప్పిపోయిన, పనిలో ఉన్న పిల్లలను పోలీసులు వెతికి రక్షించే ఆపరేషన్ స్మైల్ జనవరిలో, ఆపరేషన్ ముస్కాన్ జులైలో జరిగినప్పుడు దొరికిన పిల్లలు మీ ఊరివారైతే, వారు ఇల్లు చేరిన వారంలోపే మీ కార్యకర్తకు తెలియాలి. ఆపదలో ఉన్న పిల్లల విషయంలో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దరఖాస్తును తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రాకండి. కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితంతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల వినతులు తీసుకునే ప్రజావాణికి వెళ్లి, దరఖాస్తు సంఖ్య తీసుకోండి. పద్దు సరికాదని రాస్తే పద్దు మార్చి, మొత్తం ఎక్కువైందని రాస్తే ట్యూటర్‌ను స్వచ్ఛందంగా సమకూర్చుకుని, కార్యకర్త జీతాన్ని మాత్రం తగ్గించకుండా, రెండు నెలల తర్వాత జరిగే తదుపరి గ్రామసభలో అదే తీర్మానాన్ని కొత్త హాజరు లెక్కతో మళ్లీ పెట్టండి.