ఈత పోటీల వేదిక కట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

నమూనా గీయకముందే, పోటీలు ముగిశాక ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో తేల్చుకోవాలి. 2012 లండన్ ఒలింపిక్స్ కోసం జహా హదీద్ రూపకల్పన చేసిన ఈతకొలను భవనంలో సుమారు 17,500 సీట్లు ఉండగా, వాటిలో అధికభాగం ఇరువైపులా తాత్కాలికంగా నిలిపిన రెక్కల్లోనే ఉండటంవల్ల, క్రీడల తర్వాత ఆ రెక్కలను విప్పేసి దాదాపు 2,500 సీట్లతో నగరవాసులకు అప్పగించగలిగారు. అయితే అలలా వంగిన ఆ పైకప్పు ఎంత అందంగా ఉన్నా, పై వరుసల్లోని కొందరికి 10 మీటర్ల డైవింగ్ వేదికను కనబడనివ్వలేదు. కాబట్టి కప్పు ఆకృతిని ఖరారు చేయకముందే ప్రతి వరుస నుంచీ చూపు ఎంతవరకు ఆనుతుందో సరిచూడాలి.

కొలను పొడవును సరిగ్గా 50 మీటర్లకు కట్టడం పొరపాటు. ఈతగాళ్లు తాకగానే సమయాన్ని నమోదు చేసేందుకు గోడలకు తగిలించే టచ్‌ప్యాడ్‌లు (స్పర్శ పలకలు) ఒక్కొక్కటి సుమారు 1 సెంటీమీటరు మందం ఉంటాయి గనుక, రెండు చివరలా వాటిని అమర్చిన తర్వాత 50 మీటర్లు మిగలాలి. ఈ లెక్కను టైల్స్ అతికించే మేస్త్రీకి ముందుగానే, వీలైతే రాతపూర్వకంగా, తెలియజేయాలి.

నీటి ఉష్ణోగ్రత 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిచేలా చూడాలి.

నీటిశుద్ధిని చివరి పనిగా వదిలేయరాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను నీరు ఆకుపచ్చగా మారినప్పుడు, క్లోరిన్ ఉన్న నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపడమే కారణమని నిర్వాహకులు ప్రకటించారు. ఏ రసాయనాన్ని ఎవరి అనుమతితో కలపాలో పోటీలకు ముందే నిర్ణయించి, రసాయనాల గది తాళం ఒక్కరి బాధ్యతలోనే ఉంచాలి.