చిన్న పట్టణంలో సేవా క్లబ్బు యువజన విభాగాన్ని నడిపే పద్ధతి

రోటరీ, లయన్స్ వంటి సేవా క్లబ్బులు జిల్లా కేంద్రాల్లోనే కాక అనేక మండల కేంద్రాల్లోనూ చాలాకాలంగా పనిచేస్తున్నాయి. వాటి యువజన విభాగాల సంగతి వేరు. జూలైలో ప్రమాణ స్వీకారం ఘనంగా జరుగుతుంది, ఆగస్టు 15న జెండా దగ్గర ఫొటో దిగుతారు, ఆ తర్వాత దసరా నాటికి ఆ విభాగం ఉన్నదన్న సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు. పిల్లలకు ఉత్సాహం లేదని పెద్దలు నిట్టూరుస్తారు గానీ, వేదిక ముందు కుర్చీలు నింపడం, అతిథికి పూలగుత్తి అందించడం తప్ప వేరే పనేదీ అప్పగించని చోట ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది? ఏ పని చేయాలో, దానికి డబ్బు ఎలా తేవాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో పిల్లలే నిర్ణయించేలా, పెద్దలు వెనక ఉండి కాపు కాసేలా ఏడాదిని ఎలా నడపవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎవరిని చేర్చుకోవాలి, ఎప్పుడు

బడి పిల్లల కోసం రోటరీ 1962లో ఇంటరాక్ట్ క్లబ్బులను మొదలుపెట్టింది. 12 నుంచి 18 ఏళ్ల లోపు వారు అందులో చేరవచ్చు. లయన్స్ వారి లియో క్లబ్బులు అంతకన్నా పాతవి. 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఉన్నత పాఠశాలలో పుట్టాయి. వాటిలో 12 నుంచి 18 ఏళ్ల వారికి ఆల్ఫా, 18 నుంచి 30 ఏళ్ల వారికి ఒమేగా అని రెండు రకాలున్నాయి. కళాశాల వయసు వారి కోసం 1968లో వచ్చిన రోటరాక్ట్‌కు ఒకప్పుడు 30 ఏళ్ల గరిష్ఠ పరిమితి ఉండేది, 2020 నుంచి దానిని తొలగించారు. ఊరిలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మాత్రమే ఉంటే ఇంటరాక్ట్ గానీ లియో గానీ చాలు. డిగ్రీ కళాశాల కూడా ఉంటే ముందుగా అక్కడి ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరును కలవడం మంచిది. 1969 నుంచి నడుస్తున్న ఎన్ఎస్ఎస్‌లో విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. క్లబ్బు చేపట్టే పనిని ఆ గంటల్లో లెక్కించడానికి ఆఫీసరు ఒప్పుకుంటే, అదే పిల్లలను ఇద్దరూ చెరోవైపు లాగే అవస్థ తప్పుతుంది.

బడిలో ప్రధానోపాధ్యాయుల లిఖితపూర్వక అనుమతి తీసుకున్న తర్వాత, ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచే సభ్యులను ఎంచుకోవాలి. పదో తరగతి వారికి మార్చిలో పబ్లిక్ పరీక్షలుంటాయి కాబట్టి సంక్రాంతి దాటాక వారిని పిలవడం న్యాయం కాదు. ఎంపికను ఉపాధ్యాయులకు పూర్తిగా వదిలేస్తే సాధారణంగా మొదటి ర్యాంకుల వారి పేర్లే వస్తాయి. వెనక బెంచీలో కూర్చుని ఊళ్లో ఏ సందులో ఎవరుంటారో పూసగుచ్చినట్టు చెప్పగల పిల్లవాడు సేవా క్లబ్బుకు వారికన్నా ఎక్కువ అక్కరకు వస్తాడు. అటువంటి వారిని అడిగి మరీ చేర్చుకోవాలి. క్లబ్బుల సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. జూలై నుంచి దసరా సెలవుల వరకు, ఆ తర్వాత దీపావళి నుంచి సంక్రాంతి వరకు ఉండే రోజులే పనికి దొరికే కాలమని గుర్తు పెట్టుకుని, పెద్ద పనులను ఆ రెండు భాగాల్లోనే సర్దుకోవాలి.

పిల్లల భద్రత విషయంలో మొహమాటానికి తావు లేదు. తల్లిదండ్రుల అంగీకార పత్రం వారు చదువుకోగలిగేలా తెలుగులో ఉండాలి. ఏ కార్యక్రమంలోనైనా కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి, అమ్మాయిలు ఉన్నప్పుడు వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి, చీకటి పడకముందే అందరూ ఇళ్లు చేరాలి. పిల్లలతో వాట్సాప్ గ్రూపు పెట్టాల్సి వస్తే అందులో ఉపాధ్యాయులో తల్లిదండ్రులో తప్పక ఉండాలి. క్లబ్బు పెద్దలెవరూ పిల్లలకు విడిగా సందేశాలు పంపకూడదు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం గురించి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ గురించి మొదటి సమావేశంలోనే పెద్దలకూ పిల్లలకూ కలిపి చెప్పడం వల్ల తర్వాత చెప్పడానికి ఇబ్బంది పడే అవసరం ఉండదు.

పనిని పిల్లలే వెతకాలి

మొదటి సమావేశంలో ఉపన్యాసాలు వద్దు. ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, వారం రోజుల పాటు తమ వీధిలోనూ బడిలోనూ కనిపించిన ఇబ్బందులను రాసుకురమ్మనాలి. వచ్చే పేజీలు పెద్దలు ఊహించినట్టు ఉండవు. 'బస్టాండులో ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు' అని ఒకరు రాస్తారు. 'ఆరో తరగతిలో ఒక అమ్మాయికి బోర్డు మీద అక్షరాలు కనపడవు, పక్కమ్మాయి నోట్సు చూసి ఎక్కించుకుంటుంది, సార్ అరుస్తారని చెప్పదు' అని మరొకరు రాస్తారు. వీటిలో తమ చేతుల్లో పూర్తయ్యే పని ఏదో, పంచాయతీకి అర్జీ పెట్టాల్సినది ఏదో విడదీయడమే ఆ సమావేశపు పని. గడియ బిగించడానికి డిపో అధికారికి ఒక ఉత్తరం రాస్తే చాలు. దానికి ప్రాజెక్టు అని పేరు పెట్టనక్కరలేదు.

రెండో విషయం మాత్రం చక్కని ప్రాజెక్టు. 1925లో అమెరికాలో జరిగిన లయన్స్ మహాసభలో హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలబడమని కోరినప్పటి నుంచి కంటి సేవ ఆ సంస్థకు ప్రధాన కార్యక్రమమైంది. ఏ క్లబ్బు అయినా ఈ పనిని చేపట్టవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలోని కంటి విభాగం వారిని కలిసి, చూపు పరీక్షించే చార్టును, దానిని వాడే పద్ధతిని వారి దగ్గరే నేర్చుకోవాలి. సాధారణ చార్టుకు 6 మీటర్ల దూరం కావాలి కాబట్టి టేపుతో కొలిచి నేల మీద సుద్దముక్కతో గీత గీయాలి. వెలుతురు చార్టు మీద పడాలి, చదివే పిల్లల కళ్లలో పడకూడదు. ఒక కంటిని అరచేతితో నొక్కకుండా మూసి, రెండో కంటితో చదివించాలి. వేళ్ల సందుల్లోంచి చూసి చదివేసే గడుసువాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి అట్టముక్కతో మూయించడం ఇంకా మేలు. వరుసలో తర్వాతి వారు అక్షరాలు బట్టీపట్టకుండా గది బయట నిలబెట్టాలి. ఆసుపత్రి వారు చెప్పిన వరుస వరకు చదవలేకపోయిన వారి పేర్లు జాబితాలో రాసి ఆసుపత్రికి అందజేయడంతో విద్యార్థుల బాధ్యత ఆగిపోతుంది. అద్దాలు కావాలా, ఎంత పవరు అన్నది నిపుణులే తేల్చాలి. తెలంగాణలో 2018లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ కంటి వెలుగు పేరుతో ప్రభుత్వాలే పెద్ద ఎత్తున పరీక్షలు చేయించాయి కాబట్టి, ఆ తర్వాత ఎవరెవరికి పరీక్షలు జరిగాయో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకుంటే చేసిన చోటే మళ్లీ చేయకుండా ఉంటుంది.

కళ్లజోళ్లు పంచిన రోజుతో పని ముగిసిందనుకునే క్లబ్బులే ఎక్కువ. అసలు చూడాల్సింది రెండు నెలల తర్వాత. సోడాబుడ్డి అని వెక్కిరిస్తారని కొందరు జోడును పుస్తకాల సంచిలోంచి బయటికే తీయరు, కొందరివి విరిగిపోయి ఉంటాయి. ఈ రెండో లెక్కను తీయడం పెద్దలకన్నా తోటి పిల్లలకే బాగా కుదురుతుంది.

రక్తదానం విషయంలో ఒక మాట. 18 ఏళ్లు నిండి, 65 దాటని, కనీసం 45 కిలోల బరువుండి, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములకు తగ్గని వారే రక్తం ఇవ్వడానికి అర్హులు. ఒకసారి ఇచ్చాక పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. కనుక బడి పిల్లలు పేర్ల నమోదు, పండ్లరసం అందించడం వంటి పనులకే పరిమితం కావాలి. అందరూ ప్రపంచ రక్తదాతల దినమైన జూన్ 14న, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమైన అక్టోబరు 1న శిబిరాలు పెడతారు కాబట్టి ఆ రోజుల్లో రక్తం దండిగానే వస్తుంది. కళాశాలలు మూతపడే వేసవిలో దాతలు తగ్గిపోతారు, రక్తం సరిగా తయారుకాని తలసీమియా జబ్బు ఉన్న పిల్లలకు మాత్రం ఏడాది పొడవునా రక్తం ఎక్కించాల్సిందే. అందువల్ల లైసెన్సు ఉన్న రక్తనిధి కేంద్రాన్ని ముందే సంప్రదించి, వారికి ఏ నెలలో కొరత వస్తుందో అడిగి, ఆ నెలలోనే శిబిరం పెట్టాలి.

నిధులు

చందాల పుస్తకం అచ్చు వేయించే ముందు ఖర్చు కాగితం రాసుకోవాలి. 'సేవా కార్యక్రమాలకు సాయం చేయండి' అని అడిగితే దుకాణదారుడు వంద రూపాయలు ఇచ్చి పంపించేస్తాడు. 'మన బడిలో ఇంతమందికి కళ్లజోళ్లు కావాలి, ఒక్కోటి ఇంత అవుతుంది, మీరు ఎన్నింటికి ఇస్తారు?' అని అడిగితే ఆయన కూడా లెక్క వేయడం మొదలుపెడతాడు. ఇలా అడిగే పనిని పిల్లలే చేయవచ్చు గానీ, పక్కన పెద్దలు ఉండాలి. కూడళ్లలో డబ్బాలు పట్టుకుని వాహనాల మధ్య తిరగడానికి వారిని ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకూడదు.

వచ్చిన ప్రతి రూపాయికీ వరుస సంఖ్య ఉన్న రసీదు ఇవ్వాలి. ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా వచ్చే డబ్బు క్లబ్బు బ్యాంకు ఖాతాకే చేరాలి తప్ప, కోశాధికారి సొంత నంబరుకు పంపించుకోవడం ఎంత నిజాయతీపరుడికైనా తలనొప్పే. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జి ధ్రువీకరణ ఉన్న సంస్థలు మాత్రమే దాతకు పన్ను మినహాయింపు ఇప్పించగలవు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు కాబట్టి పెద్ద దాతలను చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ అడగాలి, పాన్ నంబరు కూడా అప్పుడే తీసుకోవాలి.

విదేశాల్లో ఉన్న ఊరివాళ్లు అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో పంపిస్తామంటారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే వ్యక్తి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే ఆ డబ్బు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది, ఆ రిజిస్ట్రేషన్ లేని క్లబ్బు దానిని ముట్టుకోకూడదు. 'మావాడే కదా' అన్న మాట ఈ చట్టం ముందు నిలవదు.

రాబడి మార్గాలు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి. సంక్రాంతి ముగ్గుల పోటీకి ప్రవేశ రుసుము పెట్టవచ్చు, వార్షికోత్సవానికి ప్రకటనలతో సావనీరు వేయవచ్చు, పాత పుస్తకాలను జూన్‌లో సేకరించి తక్కువ ధరకు అమ్మవచ్చు. లక్కీ డ్రా టికెట్లు మాత్రం వద్దు. లాటరీ కిందికి వచ్చి చట్టపరమైన చిక్కులు తెస్తాయి. డబ్బే అడగాలన్న నియమం కూడా లేదు. 2014లో హైదరాబాద్‌లో పాత్రికేయురాలు మంజులత కళానిధి మొదలుపెట్టిన రైస్ బకెట్ ఛాలెంజ్‌లో ప్రజలు ఒక బకెట్టు బియ్యం అవసరమైన వారికి ఇచ్చారు, ఫొటో తీసి తెలిసినవారిని సవాలు చేశారు. మధ్యలో నగదు చేతులు మారే పనే లేదు.

ప్రజల నుంచి వసూలు చేసిన సొమ్మును క్లబ్బు నిర్వహణకు వాడకూడదని లయన్స్ నియమావళి చెబుతుంది. సభ్యుల చందాలకు ఒక ఖాతా, సేవా నిధికి ఇంకొక ఖాతా ఉండాలి. ఇది ఏ క్లబ్బు అయినా పాటించదగిన పద్ధతి. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు, విందు అన్నీ సభ్యుల జేబుల్లోంచే రావాలి. యువజన విభాగపు కోశాధికారి, వయసు పద్నాలుగేళ్లే అయినా సరే, నెలకొకసారి సమావేశంలో నిలబడి జమాఖర్చులు పైకి చదవాలి. ఆ పిల్ల చదువుతుండగా 'టిఫిన్లకు 1,850, బ్యానరుకు 1,200, మందులకు 900' అన్న వరుస వినిపిస్తే పెద్దల ముఖాలు మాడిపోవడం సహజమే, కానీ వచ్చే నెల ఆ అంకెలు తప్పకుండా మారతాయి.

శిబిరం రోజు

పెద్దల కంటి శిబిరాన్ని ఉదాహరణగా తీసుకుంటే, వలంటీర్ల పని ఎంత సూక్ష్మంగా ఉంటుందో అర్థమవుతుంది. శిబిరంలో పరీక్షలు మాత్రమే జరగాలి, శుక్లాల ఆపరేషన్లు ఆసుపత్రిలోనే చేయించాలి. నమోదు బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థి వచ్చిన ముసలమ్మను ఫోను నంబరు అడిగితే ఆమె చెప్పలేదు. చీర కొంగులో ముడివేసిన చీటీ తీసి ఇస్తుంది. ఆ నంబరు ఎవరిదో కూడా పక్కనే రాయాలి. 'మనవడు, హైదరాబాద్‌లో ఉంటాడు' అని రాసుకోకపోతే, ఆపరేషన్ తేదీ చెప్పడానికి ఫోను చేసినప్పుడు అవతలి వ్యక్తికి విషయమే అర్థం కాదు. ఆమెను ఆసుపత్రికి తీసుకువచ్చే మనిషి ఎవరో అప్పుడే అడిగి, ఆ పేరు వేరే గడిలో రాయాలి.

బీపీ, షుగరు అక్కడే చూడాలి, వేసుకుంటున్న మాత్రల అట్టలను వెంట తెమ్మని దండోరాలోనే చెప్పించాలి. లేకపోతే ఆసుపత్రి దాకా వెళ్లి షుగరు ఎక్కువుందని వెనక్కి వచ్చేవారు ఎక్కువవుతారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసిన తర్వాత కొన్ని గంటల పాటు చూపు మసకగా ఉంటుంది కాబట్టి, చుక్కలు వేయించుకున్న ప్రతి ఒక్కరినీ ఆటో ఎక్కించేదాకా ఒక వలంటీరు చేయి పట్టుకుని ఉండాలి. ఈ పనికి కావలసిన మనుషులను ఏ క్లబ్బూ సరిగా లెక్క వేయదు; నమోదు బల్ల దగ్గర ఆరుగురు గుమిగూడతారు, గుమ్మం దగ్గర ఒక్కరూ ఉండరు. అందుకే గంటల వారీగా పట్టిక రాసి, ప్రతి స్థానానికీ ఒకే పేరు, ఆ పేరు రాకపోతే ఇంకొక పేరు వేసి, ముందురోజు సాయంత్రం అందరికీ చదివి వినిపించాలి. వలంటీర్లకు భోజనం రెండు విడతలుగా పెట్టాలి, ముఖ్య అతిథి వచ్చినప్పుడు కూడా ఎవరూ తమ స్థానం వదిలి ఫొటోకు రాకూడదని ముందే చెప్పాలి.

జూన్ నెలాఖరులో పదవులు మారతాయి. పాత కార్యవర్గం కొత్తవారికి అప్పగించవలసినవి ఐదారు వస్తువులే: వాడని రసీదు పుస్తకాలు, బ్యాంకు వివరాలు, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, కళ్లజోళ్లు అందుకున్న పిల్లల జాబితా, ఇంకా ఆపరేషన్ కాని పెద్దవాళ్ల పేర్లు, పిల్లలు వీధుల్లో రాసుకొచ్చిన ఆ నోటుపుస్తకాలు. తీసుకున్నవారు, ఇచ్చినవారు ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం ఒకటి బడిలోనూ, ఒకటి క్లబ్బులోనూ ఉండాలి.