తమ్ముడికి గార్డియన్‌షిప్ ఇలా తీసుకున్నా

అమ్మ పోయాక, బ్యాంకులో తమ్ముడి వేలిముద్ర చెల్లదన్నారు. వాడికి 41 ఏళ్లు, మేధో వైకల్యం. 18 దాటాక అక్కనైనా చట్టం లెక్కలో నేను పరాయిదాన్నే.

నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టర్ అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. నన్ను వాడి గార్డియన్‌గా, అంటే చట్టబద్ధ సంరక్షకురాలిగా, నియమించమని దానికి ఫారం-ఎలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలకూ ఇదే దారి. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ జిరాక్సులు నాలుగు ఎక్కువే తీయించండి.

ఉత్తర్వు వచ్చాకే అసలు పని. 6 నెలల్లో వాడి ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో జమాఖర్చులు. నాకో పొడుగు నోటుబుక్కుంది: ఎడమ పక్క పింఛను, కుడి పక్క మాత్రలు, చెప్పులు, కటింగు. కటింగుకు రసీదెవరిస్తారు? తేదీ వేసి రాసుకుంటా. వాడి డబ్బుతో మా ఇంటికి ఉప్పు పొట్లం కూడా కొనను. సొమ్ము పక్కదారి పట్టించిన గార్డియన్‌ను తొలగించే అధికారం కమిటీకి ఉంది.