ఇంట్లో మొక్కలకు స్టాండు కొనే ముందు జాగ్రత్తలు

☐ ముందు బరువు చూసుకోండి. ఒక లీటరు నీళ్లంటే ఒక కిలో. ఎండిన కుండీని ఎత్తి చూసి సరిపెట్టుకోకండి, నిండా నీళ్లు పోశాక తూచి, ఆ లెక్కన స్టాండులోని ఒక్కో అర (షెల్ఫ్) ఎంత మోస్తుందో అడగండి.

☐ పార్టికల్ బోర్డు, మామూలు ఎమ్‌డీఎఫ్ (రెండూ చెక్క పొట్టు, నారను జిగురుతో అదిమి చేసిన పలకలే) వద్దే వద్దు. పైన లామినేట్ నున్నగా మెరుస్తున్నా, అంచు పట్టీ కాస్త లేచిన చోట నీళ్లు లోపలికి దిగి చెక్క ఉబ్బిపోతుంది. ఒకసారి ఉబ్బిందంటే ఆరినా మళ్లీ మునుపటిలా అవదు. చెక్కే కావాలంటే టేకు, లేదా మెరైన్ ప్లైవుడ్ (నీటికి ఊడని జిగురుతో అతికిన ప్లైవుడ్). ప్లైవుడ్ అయితే కోసిన అంచులకూ, స్క్రూ రంధ్రాలకూ వార్నిష్ పట్టించారో లేదో వేలితో తడిమి చూడండి. అసలు తడి పీల్చేది అక్కడే.

☐ ఇనుప స్టాండైతే పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడితో కరిగించి పట్టించిన పూత) ఉన్నది తీసుకోండి. వెల్డింగ్ అతుకుల దగ్గర, కాళ్ల అడుగున గీతలుంటే తుప్పు అక్కడే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ బెడద తక్కువ.

☐ పలక అర కంటే సందులున్న పట్టీల అర మేలు, గాలి ఆడుతుంది. కాకపోతే పై కుండీ నీళ్లు కింది ఆకుల మీద పడతాయి, కాబట్టి ప్రతి కుండీకీ పళ్లెం తప్పనిసరి. మెరుగు పూత లేని మట్టి పళ్లెం చెమ్మ వదులుతుంది, ప్లాస్టిక్‌ది పెట్టండి.

☐ గోడకు రెండు మూడు సెంటీమీటర్లు ఎడం.

☐ స్టాండు కింద ప్లగ్గులు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉండకూడదు. పిల్లలున్న ఇంట్లో ఎత్తు స్టాండును గోడకు బిగించాకే కుండీలు ఎక్కించండి, బరువైనవి కింది అరలో.