రీమాస్టర్ సినిమా ఇంట్లో తేలిపోతోందా? సమస్య - పరిష్కారం

పాత సూపర్‌హీరో సినిమాలను అసలు ఫిల్మ్ నుంచి మళ్ళీ స్కాన్ చేసి, శుభ్రం చేసి (రీమాస్టర్ అంటే ఇదే), ఒక్కొక్కటే 4కేలో, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలతో, మళ్ళీ వదులుతున్నారు. 1978 నాటి సూపర్‌మ్యాన్ 2018లో, 1989 నాటి బ్యాట్‌మ్యాన్ 2019లో అట్మాస్ సౌండ్‌తో (చుట్టూరా, నెత్తిమీద నుంచి కూడా వినిపించేది) సహా 4కే డిస్కులుగా వచ్చాయి. భీమవరంలోనో అమలాపురంలోనో పెద్ద టీవీ కొని, ముచ్చటపడి పెట్టి చూస్తే "ఇంతేనాండీ?" అనిపిస్తుంది. తిట్లన్నీ రీమాస్టర్ చేసినవాళ్ళకు పడతాయి. నన్నడిగితే వాటిలో ముప్పాతిక మన హాల్లోని టీవీకి పడాల్సినవి.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. లోపం కనపడ్డ చోట పది సెకన్లు వెనక్కి తిప్పండి. మళ్ళీ అదే క్షణంలో అదే లోపం వస్తే టీవీ సెట్టింగునో, సినిమానో అనుమానించాలి. ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే వైరు, నెట్, కరెంటు చూసుకోవాలి.

మొహాలు మైనం బొమ్మల్లా ఉన్నాయి, కదలికలు టీవీ సీరియల్‌లా ఉన్నాయి

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ వాటి మధ్యలో తనకు తోచిన ఫ్రేములు కల్పించి ఇరికిస్తుంది. ఇది శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో పేరుతో ఉంటుంది. ఆపేయండి. నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఫిల్మ్ మీద తీసిన సినిమాలో సన్నటి ఇసుకలాంటి గ్రెయిన్ ఉంటుంది. అది మచ్చ కాదు, వివరమంతా అందులోనే ఉంది. టీవీ దాన్ని తుడిచేస్తే చర్మం మీది ముడతలు, బట్ట నేత కూడా దాంతో పోతాయి. వివిడ్ మోడ్ షాపులో గిరాకీ కోసం పెట్టేది, ఇంట్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ సినిమా మోడ్ గానీ పెట్టుకోండి. మొదటి రోజు పసుపుగా అనిపిస్తుంది. రెండు మూడు సినిమాలయ్యాక వివిడ్‌కి వెళ్ళాలనిపించదు.

ఇవన్నీ ఆపాక కూడా మైనంలాగే ఉంటే గ్రెయిన్‌ని రీమాస్టర్‌లోనే తుడిచేశారన్నమాట. దానికి మన దగ్గర మందు లేదు.

సినిమా అంతా బాగుంది, ఎగిరే షాట్ మాత్రం మసక

ఇది మీ టీవీ తప్పు కాదు. కంప్యూటర్లు రాకముందు హీరోను ఒకచోట, ఆకాశాన్ని ఒకచోట తీసి, ఆప్టికల్ ప్రింటర్ మీద రెండూ కలిపి మళ్ళీ ఫిల్మ్ మీదికి ఎక్కించేవారు. కాపీకి కాపీ అవడంతో ఆ ఒక్క షాట్‌లో గ్రెయిన్ పెరుగుతుంది, పదును తగ్గుతుంది. 4కే స్కాన్ పక్క షాట్లను మెరిపించేసరికి తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2000 తర్వాతి సినిమాల్లో మరో రకం చిక్కు. వాటిలో చాలావాటి గ్రాఫిక్స్ 2కేలోనే (4కేలో పావు వంతు చుక్కలు) చేశారు, 4కే డిస్క్ మీద ఉన్నది దాన్ని సాగదీసిన బొమ్మే.

రాత్రి సీన్లలో ఏమీ కనపడటం లేదు

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువ చూపే పద్ధతి) బొమ్మను 1000 నిట్స్ (తెర వెలుగు కొలత), అంతకు పైన వెలుగిచ్చే తెరలను లెక్కలో పెట్టుకుని సిద్ధం చేస్తారు. చవక టీవీలు 300 దగ్గరే ఆగిపోతాయి. ఎనర్జీ సేవింగ్ ఆపండి, డైనమిక్ టోన్ మ్యాపింగ్ ఉంటే పెట్టండి, పడమటి కిటికీకి తెర వేయండి. బ్లూరే ప్లేయర్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టుకు 'ఎన్‌హాన్స్‌డ్' లేదా 'డీప్ కలర్' ఆన్ చేయకపోతే చాలా టీవీల్లో హెచ్‌డీఆర్ రానే రాదు.

పైనా కిందా నల్ల పట్టీలు లోపం కాదు. ద డార్క్ నైట్‌లో ఐమాక్స్ కెమెరాతో తీసిన సీన్లు వచ్చినప్పుడు తెర నిండిపోతుంది, తర్వాత పట్టీలు మళ్ళీ వస్తాయి. జూమ్ నొక్కకండి.

మాటలు వినపడవు, పేలుడు వస్తే పక్కింటివాళ్ళు లేస్తారు

ఎక్కువమంది గోల ఇదే. 5.1 సౌండులో (ఐదు స్పీకర్లు, ఒక వూఫర్) డైలాగులు మధ్య స్పీకర్‌కి ఇస్తారు. టీవీలో ఉండేవి కిందికి తిరిగిన రెండు చిన్న స్పీకర్లు. సంగీతం, పేలుళ్ళు, మాటలు అన్నీ వాటిలోనే కుక్కితే నలిగేది మాటలే. నైట్ మోడ్ లేదా డైలాగ్ ఎన్‌హాన్స్ పెట్టండి. సౌండ్‌బార్ ఉంటే ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకే కలపండి, టీవీ సౌండును బయటికి పంపేది అదే. ఆప్టికల్ వైరులో అట్మాస్ రాదు. డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ అట్మాస్‌ని టీవీ మీదుగా పంపాలంటే ఈఆర్క్ (ఏఆర్‌సీలో కొత్త రకం) కావాలి.

తర్వాత గది చూడండి. కొత్త డాబాల్లో కింద టైల్సు, పైన శ్లాబు, చుట్టూ ఉత్త గోడలు. మాట గోడకు కొట్టుకుని తిరిగొచ్చి మరో మాట మీద పడుతుంది. టీవీకీ సోఫాకీ మధ్య ఒక బొంత పరవండి, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేయండి. వూఫర్‌ని మూల నుంచి జరపండి. మూలలో అది రెట్టింపు దడదడలాడుతుంది. పాత పెంకుటింట్లో ఇంత గోల ఉండదు.

తెలుగు ఆడియో పెడితే సౌండు చప్పబడిందంటే చాలాసార్లు అట్మాస్ ఇంగ్లీషుకే ఇచ్చి, తెలుగు డబ్బింగ్‌ని 5.1లోనో స్టీరియోలోనో వదిలేసి ఉంటారు. సెట్టింగులతో వెతికి లాభం లేదండీ.

తెర ఆరి వెలుగుతోంది, మెరుపు చుక్కలు పడుతున్నాయి

4కే హెచ్‌డీఆర్‌కి సెకనుకు 18 గిగాబిట్లు మోసే వైరు కావాలి, పాత హెచ్‌డీఎంఐ చాలదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలా? స్విచ్‌బోర్డు నుంచి అన్నీ ఆపి, వైరు పీకి, టార్చి వేసి చూడండి. కొనలో పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ వైరు మార్చేయండి, గీకకండి. ఓల్టేజీ పడిపోయే ఊళ్ళో స్టెబిలైజర్ తప్పదు.

స్ట్రీమింగ్‌లో పొగ, పొగమంచు గళ్ళుగళ్ళుగా విడిపోతే నెట్ చూడండి. 4కేకి కనీసం 15 నుంచి 25 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి.

అమెరికా నుంచి తెచ్చిన డిస్క్ ఆడటం లేదు

మామూలు బ్లూరే అయితే ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో రీజియన్ గుర్తు ఉంటుంది; అక్కడిది రీజియన్ ఏ, మనది సీ. 4కే డిస్కులకు రీజియన్ గొడవ లేదు, కానీ మామూలు బ్లూరే ప్లేయర్ వాటిని చదవదు. ఈసారి చుట్టాలకు చెప్పేటప్పుడు నల్ల డబ్బా, పైన 4కే అల్ట్రా హెచ్‌డీ అని ఉన్నదే తెమ్మనండి.