తెరచాప పడవలో జీవనం – 6వ పాఠం: చలి సముద్రంలో ఒంటిని పొడిగా ఉంచుకోవడం

గాలి ముదరకముందే తెరచాపను ఎలా కుదించాలో పోయిన పాఠంలో చూశాం. ఆ పని ముగించి, నిలువెల్లా తడిసి కేబిన్‌లోకి దిగిన మనిషి ఏం చేయాలన్నది ఈ పాఠం.

2017 డిసెంబరులో మన నౌకాదళం పడవ తారిణి న్యూజిలాండ్‌లోని లిటెల్టన్ రేవు నుంచి దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్స్ దీవులకు బయల్దేరింది. అందులో ఆరుగురు మహిళా అధికారులు. విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య వారిలో ఉన్నారు. 2018 జనవరి 19న దక్షిణ అమెరికా దక్షిణపు కొస కేప్ హార్న్ దాటారు. దారిలో ఎక్కడా రేవు లేదు. అంత దూరం వెళ్లేవాళ్లు చలిని ఓర్చుకోగలరు గానీ తడిని ఓర్చుకోలేరు. నీరు ఒంటి వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది.

పైగా అది ఉప్పునీరు. వానాకాలంలో వంటింట్లో రాళ్ల ఉప్పు చెమ్మగిల్లడం మనందరికీ తెలుసు. ఉప్పునీళ్లు ఇంకిన బనియన్ కూడా అంతే. పగలు ఆరినట్టే ఉంటుంది, చీకటి పడేసరికి మళ్లీ తడి తగులుతుంది.

అందుకే కేబిన్‌ని మనసులోనే రెండు భాగాలు చేసుకోండి. మెట్ల దగ్గర తడి చోటు, బంక్, అంటే పడుకునే బల్ల, పొడి చోటు. జాకెట్, బూట్లు మెట్ల దగ్గరే విప్పాలి. మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ముఖం, మెడ, చేతుల మీది ఉప్పు తుడిచి, ఆ తర్వాతే బంక్‌ని ముట్టుకోవాలి. నా మొదటి చలి ప్రయాణంలో ఒక రాత్రి వాచ్ (పైన కాపలా వంతు) ముగించి దిగి, ఒళ్లు తెలియని అలసటతో జాకెట్‌తోనే బంక్ మీద వాలిపోయాను. పది నిమిషాలే. ఆ స్లీపింగ్ బ్యాగ్ రేవు చేరేదాకా ఆరలేదు.

ఒంటికి ఆనుకుని ఉన్ని బట్టలు వేసుకోండి, నూలు వద్దు. ఉన్ని కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. ఒక జత మాత్రం ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి దాచండి. అది నిద్రకే. ఎంత తొందరగా పైకి రమ్మని పిలుపొచ్చినా దానితో వెళ్లకండి.

లోపలి తడిలో చాలాభాగం మన ఊపిరిదే, వంట ఆవిరిదే. పడవ గోడలు సముద్రమంత చల్లగా ఉంటాయి కాబట్టి ఆవిరి వాటి మీద చెమర్చి బంక్ మీదికి కారుతుంది. గిన్నెకు మూత పెట్టండి, గాలి కంత ఒకటి తెరిచి ఉంచండి. వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించి అన్నీ మూసుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఈ వారం అభ్యాసం: రెండు నూలు బనియన్లు తీసుకోండి. ఒకదాన్ని మంచినీళ్లలో, రెండోదాన్ని లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో తడిపి, ఎండలో బాగా ఆరబెట్టండి. వాన పడే రాత్రి రెండింటినీ వరండాలో దండెం మీద వేసి, తెల్లవారాక చేత్తో తాకి చూడండి.