ఫస్ట్ క్లాస్‌లో ముందు పిల్లాడి ప్లేటు

విమానంలో ఫస్ట్ క్లాస్ అంటే హాయి అనుకుంటాం గానీ, రెండేళ్ల పిల్లాడితో దూర ప్రయాణమైతే అక్కడి భోజనమే తలనొప్పి. సూప్, సలాడ్, అసలు వంటకం, స్వీటు అంటూ ఒక్కొక్కటీ తీరిగ్గా తెస్తారు. అంతసేపు పసివాడు కూర్చుంటాడా!

ఈసారి రెండు రోజుల ముందే పిల్లల భోజనం బుక్ చేశాను (చాలా ఎయిర్‌లైన్స్ కనీసం 24 గంటల ముందు చెప్పమంటాయి). విమానం ఎక్కగానే సిబ్బందికి రెండే మాటలు చెప్పాను: బెల్టు లైటు ఆరగానే వాడి ప్లేటు తెచ్చేయండి, మా భోజనం వాడు పడుకున్నాక అంతా ఒకే ట్రేలో ఇవ్వండి. వాడు తింటుండగానే పక్క సీటును పడకగా మార్చేశారు. అరగంటలో నిద్రపోయాడు. మేం వేడివేడిగా తిన్నాం, అదీ రెండు చేతులూ ఖాళీగా ఉండగా!

సీట్లు మాత్రం మధ్యలో జంటగా ఉన్నవే చూసుకోండి. కిటికీ పక్కవి చాలావరకు విడివిడి గదుల్లా ఉంటాయి, వాడు ఒక పక్క, మీరు ఒక పక్క.

కుదుపులు మొదలైతే ఇదేమీ పనిచేయదు. వడ్డన ఆపేసి సిబ్బంది కూడా బెల్టు పెట్టుకుని కూర్చుంటారు. ఒక పూటకు సరిపడా వాడు తినేదేదైనా చేతికందేలా ఉంచుకోండి. పై అరలో పెడితే అప్పుడు లేచి తీయలేరు.